సీసా మీది కాగితం పట్టీ నుంచి డిశ్చార్జి చీటీ దాకా

నేను 1971లో సర్కారు దవాఖానాలో చేరినప్పుడు మమ్మల్ని ఫార్మసిస్టులని ఎవరూ పిలిచేవారు కాదు. అందరికీ మేము "కాంపౌండరు గారే". రోగి ఖాళీ సీసా తెచ్చుకునేవాడు. మిక్శ్చరు పోసి, మోతాదుల గుర్తుకు అంచులు కత్తిరించిన కాగితం పట్టీ అంటించి ఇచ్చేవాళ్ళం. మూడు రోజులకు సీసా అయిపోయేది, మనిషి మళ్ళీ వచ్చేవాడు. "జ్వరం దిగిందా? మందు పడిందా?" అని అడగకుండా సీసా నింపిన గుర్తు నాకు లేదు. దానికప్పుడు పేరేమీ లేదు. మాత్రల షీట్లు వచ్చాక నెల మందులు ఒకేసారి సంచీలో పడ్డాయి, ఆ పలకరింపు పోయింది.

ఇంటికి వెళ్ళిన రోగి మందు వేసుకుంటున్నాడా అన్నదాన్ని శాస్త్రీయంగా పట్టించుకున్న చరిత్ర మన పక్కనే, మద్రాసులో ఉంది. 1956లో అక్కడి క్షయ పరిశోధన కేంద్రం కొందరు రోగులను శానిటోరియంలో చేర్చి, మిగిలినవారికి ఇంటి దగ్గరే ఏడాదిపాటు మందులిచ్చింది. ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రపరీక్షలు చేశారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే నయమయింది. మంచం కన్నా మందు ముఖ్యమని, ఆ మందు లోపలికి వెళ్ళిందో లేదో చూసే మనిషి కావాలని తేలింది.

మన ఫార్మసీ చదువు మాత్రం చాలాకాలం మందుల తయారీ చుట్టూనే తిరిగింది. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది, 1951లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ శాఖ మొదలయింది. రోగి బాగోగుల్లో ఫార్మసిస్టుకూ బాధ్యత ఉందని అమెరికాలో హెప్లర్, స్ట్రాండ్ 1990లో గట్టిగా రాశారు. మన దేశంలో ఫార్మ్ డి కోర్సు 2008లో వచ్చింది. 2015 నిబంధనలు మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించి చెప్పాలన్నాయి. కాగితం మీద బాగానే ఉంది గాని, మా వీధి దుకాణంలో చిల్లర లెక్క తప్ప మరో మాట నేను వినలేదు.

ఇంగ్లండులో 2021 ఫిబ్రవరి నుంచి ఆసుపత్రివారు డిశ్చార్జి అయిన రోగికి మారిన మందుల వివరాలను అతని పేట ఫార్మసీకి పంపే ఏర్పాటుంది. అక్కడి ఫార్మసిస్టు పాత మందులతో వాటిని సరిచూసి, రోగితో మాట్లాడతాడు.

ఆ సరిచూడటం ఎందుకంటారా? నాతో రిటైరైన మిత్రుడొకరు ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడ్డారు. చూడబోతే ఇంట్లో ఉన్న పాత బీపీ మాత్ర, ఆసుపత్రివారు రాసిన కొత్త మాత్ర రెండూ ఎమ్లోడిపినే. కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు. అసలు పేరు షీటు వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పాతది ఆపమని వారికెవరూ చెప్పలేదు. డాక్టరు గారికి ఫోను చేస్తే వెంటనే ఒకటి ఆపించారు. తుంటి విరగనందుకు సంతోషించాం.

సంఘం నెలవారీ సమావేశానికి వచ్చేటప్పుడు డిశ్చార్జి చీటీ, ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవి కూడా, ఒక సంచీలో వేసుకు రండి. పక్కపక్కన పెట్టి చూద్దాం. అనుమానం వస్తే మీ డాక్టరును ఏమడగాలో రాసిస్తాను. కళ్ళజోడు నేను తెచ్చుకుంటాను.