మా డాబా మీద డిష్, దానికంటే ముందువి

పోయిన దసరా సెలవుల్లో క్యాంపులో మన పాత ఇంటి డాబాకి మరమ్మతు జరిగింది. పిట్టగోడ పగలగొడుతుంటే నాన్న ఫోన్ చేసి, "ఆ డిష్ పైపు పీకేయమంటావా? తుప్పు పట్టిపోయింది" అని అడిగారు. వద్దన్నాను. ఆ పైపు మీద మేకుతో గీసిన రెండు గీతలున్నాయి. వాటి మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ గీతలు గీసింది నేనే. మన ఇంటి చరిత్రలో తాతయ్య కాలవ కింద పొలం కొన్న కథ అందరికీ తెలుసు, ఈ గీతల కథ మటుకు ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ముందు మన సంగతి తెలియని పిల్లల కోసం రెండు మాటలు. తుంగభద్ర ఆనకట్ట 1953కి పూర్తయింది. ఎడమ కాలవకి నీళ్లొచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వరి తెలిసిన రైతులు రాయచూరు జిల్లాకి వచ్చి భూములు కొన్నారు. అలా వెలిసిన ఊళ్లనే ఇక్కడ ఇప్పటికీ క్యాంపులంటారు. కొప్పళ కూడా అప్పుడు రాయచూరు జిల్లాలోదే, 1997లో వేరైంది. వచ్చినవాళ్లకి వరి తెలుసు, నీళ్లు తెలుసు, కన్నడం తెలియదు. వాళ్ల పిల్లలు కన్నడ బళ్లలో చదివారు, నేనూ అంతే. తెలుగు అక్షరాలు నాకు బళ్లో ఎవరూ నేర్పలేదు. కన్నడ లిపి వస్తే తెలుగు సగం వచ్చినట్టే. మిగతా సగం టీవీలో సినిమా మొదట్లో పడే పేర్లు, వార్తల కింద పరిగెత్తే అక్షరాలు నేర్పాయి. తలకట్ల దగ్గర ఇప్పటికీ తప్పులు పోతాను, సర్దుకోండి.

విచిత్రమేమిటంటే, ఆకాశం నుంచి నేరుగా బొమ్మ దిగిన మొదటి పల్లెల్లో మన జిల్లావి ఉన్నాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఏడాది, సైట్ అనే ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ల నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశానికి వాడుకోడానికి ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలని ఎంచుకున్నారు. కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బిజాపూరు జిల్లాలు, ఆంధ్రలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాలు అందులో ఉన్నాయి. పల్లెకొక టీవీ, దాని పక్కన కోళ్ల గూటికి కట్టే జాలీతో చేసిన పదడుగుల గొడుగు. ఆ పెట్టెలు హైదరాబాదులో ఇసిఐఎల్ తయారుచేసింది. భూస్థిర కక్ష్య గురించి 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్‌కి కొలంబోలో ఇంటి దగ్గర అలాంటి ఏర్పాటే చేసి పెట్టారు మన ఇస్రో వాళ్లు.

ఆ ఉపగ్రహానికి బొమ్మ ఒకటే, ధ్వని మార్గాలు రెండు. అదే బొమ్మకి ఒక దానిలో తెలుగు, రెండో దానిలో కన్నడం పంపే వీలుండేది. మన క్యాంపుకి పెట్టె రాలేదు. తాతయ్య పక్క ఊరి పంచాయతీ కట్ట దాకా సైకిలు మీద వెళ్లి చూసేవారట. అక్కడ వినిపించేది కన్నడమే. "బొమ్మలో ఆవిడ నోరు మన మాటకే కదులుతున్నట్టుండేదిరా, చెవికి మాత్రం వేరే పడేది" అని చెప్పేవారు. ఆయన ఊహో నిజమో చెప్పలేను.

ఒక సంగతి గమనించండి. ఏటీఎస్-6 అప్పుడు 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే ఆఫ్రికా నెత్తిన ఉండేది. కాబట్టి 1975లో మన జిల్లా గొడుగులన్నీ పడమటికి చూసేవి. ఇప్పుడు డాబాల మీద ఉన్నవి ఒక్కటీ అటు చూడదు.

సైట్ అయిపోయాక పెట్టెలు పోయాయి. తర్వాత మన డాబాకి వచ్చింది చేపముల్లు లాంటి దూరదర్శన్ ఆంటెన్నా. ఆ రోజుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెదనాన్న పైనెక్కి తిప్పడం, కింద నుంచి "వచ్చింది... పోయింది..." అని అరవడం, అందరిళ్లలో ఉన్న కథే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక లెక్క మారింది. వాటి కోసం ఊళ్లో కేబుల్ అతను మనిషి పడుకునేంత జాలీ డిష్ పెట్టాడు. సి-బ్యాండ్ సిగ్నల్ బలహీనం, అందుకే అంత పెద్ద గొడుగు కావాలి. మన ఇల్లు ఊరవతల, పొలం గట్టున. వైరు అంత దూరం లాగనన్నాడు. ఎనిమిదేళ్లు బతిమాలాం.

చిన్న డిష్‌ల కాలం తర్వాత వచ్చింది. కెయు-బ్యాండ్‌లో తరంగం పొడవు తక్కువ, ఉపగ్రహం పంపే శక్తి ఎక్కువ, కాబట్టి రెండడుగుల రేకు చాలు. ప్రభుత్వం డీటీహెచ్‌కి 2000లో ఒప్పుకుంది. 2003లో మొదటి ప్రైవేటు సర్వీసు, 2004 డిసెంబరులో దూరదర్శన్ వాళ్ల ఉచిత సర్వీసు మొదలయ్యాయి. మన ఇంటికి 2008లో వచ్చింది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అది 93.5 డిగ్రీల దగ్గరున్న ఇన్‌శాట్-4బి మీద నడిచేది. అప్పటినుంచి తాతయ్య పొద్దున ఆరున్నరకల్లా 'అన్నదాత' ముందు కూర్చునేవారు. చీడ పేరు తెలుగులో విని, మందు పేరు సింధనూరు అంగడిలో కన్నడంలో అడిగి తెచ్చేవారు.

2009 చివర ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట కొంత తిరిగొచ్చింది కానీ కన్నడం రాలేదు. యాభై ఏళ్లు సంతలో బేరమాడిన మనిషి, పలకరించడానికొచ్చిన పాత స్నేహితుడు "హేగిద్దీరి గౌడ్రే" అంటే అలా చూస్తూ ఉండిపోయారు. ఆ స్నేహితుడు బయటికొచ్చి మన అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాత తాతయ్యకి రోజంతా తోడు టీవీయే.

2010 జులైలో ఇన్‌శాట్-4బికి కరెంటు ఇబ్బంది వచ్చింది. సోలార్ పలక వైపు లోపంతో సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేశారు. మన కంపెనీ 91.5 డిగ్రీల దగ్గరున్న మలేసియా వాళ్ల మీశాట్-3 మీదికి మారింది. చానళ్లు మళ్లీ ఆకాశంలో ఉన్నాయి, మన డిష్ మాత్రం పాత చోటే చూస్తోంది. మెకానిక్కి ఫోన్ చేస్తే వరసలో ఉన్నారన్నాడు. తొమ్మిదో రోజుకీ రాలేదు. నేను ఇంజినీరింగు చదువుతూ ఇంటికొచ్చి ఉన్నాను. నీలం తెర వైపు చూస్తూ తాతయ్య రిమోట్ నొక్కుతూనే ఉన్నారు.

సింధనూరులో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి లెక్క చేసుకొచ్చాను. మన దగ్గర నుంచి పాత ఉపగ్రహం, ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిస్తే 132 డిగ్రీల దిక్కున, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తున ఉంది. కొత్తది 136 డిగ్రీలు, ఎత్తు దాదాపు 65. అంటే డిష్‌ని నాలుగు డిగ్రీలు దక్షిణానికి తిప్పి, ఒకటిన్నర డిగ్రీలు పైకెత్తాలి. దిక్సూచి అక్కర్లేదు, ఇనప పైపు పక్కన అది ఎలాగూ అబద్ధమే చెబుతుంది. పైపు చుట్టుకొలత పదహారు సెంటీమీటర్లు. అందులో నాలుగు డిగ్రీలంటే మిల్లీమీటరూ ముప్పాతిక. బిగింపు అంచు దగ్గర పైపు మీద మేకుతో ఒక గీత, దాని పక్కన అంత దూరంలో రెండోది గీశాను.

పైపు నిటారుగా ఉందో లేదో తాపీమేస్త్రి గుండుదారంతో ముందే చూసుకున్నాను. పైపు వాలితే, పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది. ఇంకోటి, ఈ డిష్ తన ముఖం ఎటుందో అటు చూడదు. ఎల్.ఎన్.బి. కింద పక్కన ఉంటుంది కాబట్టి, ముఖానికి ఇరవై చిల్లర డిగ్రీలు పైకి చూస్తుంది. అది తెలియక కొబ్బరిచెట్టు అడ్డమని నరికించినవాళ్లు మన క్యాంపులోనే ఉన్నారు.

అమ్మ టీవీ దగ్గర, తమ్ముడు మెట్ల మీద, నేను పైన. పెదనాన్న నాటి అరుపులే మళ్లీ. కానీ ఒక తేడా ఉంది. చేపముల్లు ఆంటెన్నాలో బొమ్మ మెల్లగా తేలేది. డిజిటల్‌లో ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు. పైగా పెట్టె పట్టుకోడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. వెంట్రుకవాసి కదిపి, ఐదు లెక్కపెట్టి ఆగాలి. తెర మీద రెండు పట్టీలుంటాయి. మొదటిది, బలం, ఉపగ్రహం లేకపోయినా 70, 80 చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. రెండోది, నాణ్యత, అసలైనది. ఒకేసారి రెండు బోల్టులు వదలకూడదు కూడా. ఇవాళ నా ఉద్యోగంలో కొత్తగా చేరిన టెస్టర్లకి చెప్పేదీ అదే, రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గంట గడిచింది. నాణ్యత సున్నా. ఎత్తు మార్చాను, సున్నా. చెమటతో పానా జారిపోతోంది. అప్పుడు వాకిట్లో బియ్యం చెరుగుతున్న నాయనమ్మ తలెత్తి, "ఒరేయ్, దక్షిణానికన్నావు, తూర్పుకి తిప్పుతున్నావేం?" అంది. నేను డిష్‌కి ఎదురుగా నిలబడి నా కుడికి తిప్పుతున్నాను. వెనకాల నిలబడి కుడికి తిప్పాలి! ఆవిడకి డిగ్రీలు తెలియవు. మన ఇంటి నుంచి తిరుపతి ఆ పాత దిక్కునే ఉంటుంది, రోజూ లేస్తూనే అటు తిరిగి దణ్ణం పెడుతుంది, అందుకని చూడగానే తప్పు పట్టేసింది.

బిగింపు మొదటి గీత దగ్గరికి తెచ్చి, వెనక నుంచి రెండో గీతకి జరిపాను. ఐదు లెక్కపెట్టాను. ఏమీ లేదు. ఎత్తు చిటికెడు పెంచాను. మెట్ల మీద నుంచి తమ్ముడు "నలభై!" అన్నాడు. ఇంకొంచెం పెంచితే అరవై రెండు. బోల్టు బిగించేటప్పుడు యాభైకి జారింది. అది మామూలే, బిగింపుకి కాస్త కదులుతుంది, కాబట్టి ముందే కొంచెం అవతలికి ఉంచి బిగించాలి. నాలుగోసారికి అరవై దగ్గర ఆగింది.

కిందికి దిగేసరికి ఏదో పాత సినిమా వస్తోంది. తాతయ్య సినిమా చూడటం లేదు. నన్ను చూసి, "నారుమళ్లకి నీళ్లు వదిలారా?" అని అడిగారు. వదిలారని చెప్పాను.

ఆ వారం పన్నెండు ఇళ్ల డిష్‌లు తిప్పాను. క్యాంపులో తొమ్మిది, పాత ఊళ్లో మూడు. పాత ఊళ్లోవాళ్లకి కావలసింది కన్నడ చానళ్లు. ఉపగ్రహం అదే, కోణం అదే, గీత అదే. డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. జొన్నరొట్టె, శేంగా చట్నీ మాత్రం కడుపునిండా పెట్టారు.

తాతయ్య 2012లో పోయారు. ఇప్పుడు ఇంట్లో అందరూ ఫోన్లలో చూస్తున్నారు, డిష్ రేకు పాత ఇనుములో కలిసిపోయింది. పైపు మటుకు నాన్న ఉంచారు. మొన్న ఫోటో పంపారు. పైపుకి బట్టల తీగ కట్టేశారు, ముడి సరిగ్గా గీతల మీద పడింది.