టన్నీ చేపల రాకపోకలు

సముద్రములో చేపలు పట్టువారు రెండు తెగలవారు. జీవనోపాధికై వలలు వేయువారు ఒక తెగ. వినోదమునకై గాలము వేయువారు మరియొక తెగ. మొదటివారి పట్టుబడి టన్నులలో ఉండును. దానిని ప్రభుత్వములు చాల కాలముగా లెక్క వ్రాయుచున్నవి. రెండవవారి పట్టుబడిని చాల దేశములలో ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు. కాని ఒక విషయమున గాలపు వేటగాడు వలవాని కంటె శ్రద్ధ గలవాడు. తాను పట్టిన పెద్ద చేప ఏ రోజున, ఏ చోట దొరికినదో, ఎంత తూగినదో అతడు జన్మలో మరచిపోడు. ఆ జ్ఞాపకము కాగితముపైకి ఎక్కినచో సముద్రమునకు సంబంధించిన సాక్ష్యమగును. ఐరోపా వాయవ్య తీరములకు టన్నీ చేప వచ్చుట, మాయమగుట, మరల వచ్చుట అను మూడు ఘట్టముల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము.

చల్లని నీటిలో వెచ్చని చేప

టన్నీ అనునది ఇంగ్లండు ప్రజలు వాడిన పేరు. శాస్త్రజ్ఞులు దీనిని అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా అందురు. ఆంధ్ర తీరమున కానాగంత అని పిలువబడు చేప ఏ కుటుంబమునకు చెందినదో ఇదియు ఆ కుటుంబమునకే చెందినది. అయితే కానాగంత జానెడు చేప. టన్నీ మూడు మీటర్ల పొడవు పెరిగి, ఆరువందల కిలోలకు మించి తూగగలదు. కానాగంతకు ఒక చిన్న చరిత్ర కలదు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన చేపలను గురించి 1803లో ఒక గ్రంథము ప్రచురించినాడు. అందులో అతడు చేపల స్థానిక నామములను కూడ వ్రాసినాడు. ఆ విధముగా 'కానాగుర్త' అను మాట నేటికిని ఆ చేప శాస్త్రనామములో నిలిచియున్నది. సామాన్యుల జ్ఞానము శాస్త్రమున చేరుట కొత్త సంగతి కాదు.

చాల చేపల శరీరము చుట్టునున్న నీటి వేడిమినే కలిగియుండును. ట్యూనాలు అట్లు కావు. ఇవి ఎడతెగక ఈదుచుండును. ఆ శ్రమవలన కండరములలో వేడి పుట్టును. కండరముల నుండి వెచ్చని రక్తమును తెచ్చు నాళములును, మొప్పల నుండి చల్లని రక్తమును తెచ్చు నాళములును సన్నగా చీలి, ప్రక్కప్రక్కనే ఎదురెదురు దిశలలో సాగును. అందువలన వేడి మొప్పల ద్వారా నీటిలో కలిసిపోక, మరల కండరములకే చేరును. ఈ ఏర్పాటు ఉండుటచేతనే టన్నీ వెచ్చని మధ్యధరా సముద్రమున గ్రుడ్లు పెట్టి, ఆ పిమ్మట హెర్రింగ్, మాకెరెల్ గుంపులను వెదకుచు చల్లని ఉత్తరపు నీటికి వేలకొలది కిలోమీటర్లు పోగలుగుచున్నది.

స్కార్‌బరో వైభవము

ఇంగ్లండు తూర్పు తీరమున యార్క్‌షైరులో స్కార్‌బరో అను రేవు కలదు. వేసవి చివర అక్కడి ఉత్తర సముద్రమునకు హెర్రింగ్ గుంపులు వచ్చెడివి. వలలు పైకి లాగునపుడు జారిపడు హెర్రింగులను మ్రింగుటకు పెద్ద చేపలు పడవల చుట్టు తిరుగుచుండుట జాలరులు చూచినారు. ఆ మాట వేటగాండ్ర చెవిని పడినది. 1930 ఆగస్టులో లొరెంజో మిచెల్-హెన్రీ అను నతడు గాలపు కర్రతో 560 పౌనుల టన్నీని పట్టినాడు. బ్రిటిషు జలములలో గాలమునకు చిక్కిన మొదటి టన్నీ అదియే. 1932లో కల్నల్ పీల్ 798 పౌనుల చేపను తెచ్చినాడు. 1933లో మిచెల్-హెన్రీ మరల వచ్చి 851 పౌనుల చేపను, అనగా 386 కిలోల చేపను, పట్టినాడు. ఆ సంవత్సరముననే స్కార్‌బరో కేంద్రముగా బ్రిటిషు టన్నీ సంఘము ఏర్పడినది. ధనవంతులు సొంత నౌకలలో అక్కడికి చేరసాగినారు.

ఈ వేటగాండ్రు తూకమును ఎంత పట్టింపుగా చూచినారో 1949 నాటి తగవు వలన తెలియును. ఆ సంవత్సరము జాన్ హెడ్లీ లూయిస్ అను నతడు 852 పౌనుల చేపను తెచ్చినాడు. పాత లెక్క కంటె ఇది ఒక్క పౌను ఎక్కువ. చేపను వ్రేలాడదీసిన త్రాడు తడిసియున్నదనియు, ఆ నీటి బరువు తూకములో చేరినదనియు మిచెల్-హెన్రీ అభ్యంతరము చెప్పినాడు. చివరకు 851 పౌనుల లెక్కయే నిలిచినది. ఈ తగవు పంతముతో నిండినదే. అయినను ఆ పంతమువలననే ఏ కాలమున, ఏ జలములలో ఎంతటి చేపలు తిరిగెడివో నేటివారికి నమ్మదగిన ఆధారము దక్కినది.

చేప మాయమగుట

1950ల నడుమ స్కార్‌బరో వైభవము అంతరించినది. 1954 తరువాత అక్కడ గాలమునకు టన్నీ చిక్కలేదు. ఉత్తర సముద్రమునకు ఆవల నార్వే జాలరులు పెద్ద వలలతో టన్నీని పట్టెడివారు. 1952లో వారి పట్టుబడి పదివేల టన్నులు దాటినది. 1960ల తొలి సంవత్సరములలో అదియు హఠాత్తుగా కూలిపోయినది.

కారణమేమి? ముగ్గురు నిందితులు కనిపించినారు. మొదటిది మితిమీరిన వేట: నార్వేలో పెద్ద చేపలను, ఇతర చోట్ల పిల్ల చేపలను విచ్చలవిడిగా పట్టినారు. రెండవది ఆహారము తరిగిపోవుట: హెర్రింగులును తగ్గుచు వచ్చి, తుదకు 1977లో ఉత్తర సముద్రమున వాటి వేటనే ఆపవలసి వచ్చినది. మూడవది సముద్రపు వేడిమిలో మార్పు.

ఇచ్చట గాలపు సాక్ష్యములోని లోపము బయటపడును. చేప దొరికిన రోజును వేటగాడు గర్వముతో వ్రాసికొనును. రిక్తహస్తములతో తిరిగివచ్చిన రోజును వ్రాయడు. చేపలు తగ్గగానే ధనవంతులు వేరొక వినోదమునకు మరలిపోవుదురు. అప్పుడు పట్టికలోని సున్న చేపలు లేవని చెప్పుచున్నదా, వెదకువారు లేరని చెప్పుచున్నదా? ఎన్ని రోజులు, ఎన్ని గాలములు వేసిన పిమ్మట ఏమియు దొరకలేదో తెలిసిననే గాని సున్నకు అర్థము లేదు.

ఈ చిక్కును విడదీయుటకు 2019లో ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులు కొందరు పూర్వపు పట్టుబడి లెక్కలను ఉత్తర అట్లాంటిక్ వేడిమితో పోల్చి చూచినారు. ఆ మహాసముద్రపు ఉపరితలము కొన్ని దశాబ్దములు కొంచెము వెచ్చగా, మరికొన్ని దశాబ్దములు కొంచెము చల్లగా ఉండును. 1930ల నుండి 1960ల వరకు వెచ్చని దశ; తరువాత 1990ల నడిమి వరకు చల్లని దశ; ఆ పిమ్మట మరల వెచ్చని దశ. టన్నీ ఉత్తరమునకు వచ్చుటయు, పోవుటయు ఈ దశలను అనుసరించినవని వారు తేల్చినారు. ఈ ఊగిసలాట సముద్రపు సహజ లక్షణమా, లేక కర్మాగారముల ధూళియు, అగ్నిపర్వతములును దానికి కొంత కారణమా అను వివాదము ఇంకను తీరలేదు. వేట దోషము దీనితో తొలగిపోదు. కాని వేట ఒక్కటే దోషి కాదని తెలిసినది.

గాలము చేతికి గుర్తుబిళ్ళ

స్కార్‌బరో చరిత్ర ముగిసిన 1954లోనే అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున ఒక కొత్త ప్రయత్నము మొదలైనది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధనాలయమున ఫ్రాంక్ మాథర్ అను శాస్త్రజ్ఞుడు వినోద వేటగాండ్రకు చిన్న గుర్తుబిళ్ళలు పంచిపెట్టినాడు. పట్టిన చేపను చంపక, బిళ్ళ గ్రుచ్చి విడిచిపెట్టుడని కోరినాడు. అప్పుడు అమెరికా తీరమున బిళ్ళ తగిలించిన ట్యూనాలు రెండు 1959లో ఐరోపా దరిని బిస్కే అఖాతమున చిక్కినవి. ఒకే చేప రెండు ఖండముల ఒడ్డులను చూడగలదని ఆ బిళ్ళలు ఋజువు చేసినవి. కనుక దానిని కాపాడుట ఒక్క దేశమువల్ల కాదు. 1966లో కుదిరిన ఒడంబడిక ననుసరించి అట్లాంటిక్ ట్యూనాల సంరక్షణకు ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడినది. అయినను వేట అదుపులోనికి వచ్చుటకు చాల కాలము పట్టినది. 2000ల చివరి సంవత్సరములలో గాని పట్టుబడి వాటాలను గట్టిగా తగ్గించలేదు.

మరల రాక

2012 ఆగస్టులో గ్రీన్‌లాండ్ తూర్పున, ఐస్‌లాండ్‌కు ఎదురుగానున్న జలసంధిలో, మాకెరెల్ కొరకు వేసిన ఒక వలలో సుమారు వంద కిలోల ట్యూనాలు మూడు పడినవి. ఆ వలలోనే ఆరు టన్నుల మాకెరెల్ ఉన్నది. నీటి వేడిమి 9 నుండి 11 డిగ్రీల వరకు ఉన్నది. శాస్త్రజ్ఞులు దీనిని గొలుసుకట్టు మార్పుగా వర్ణించినారు: నీరు వెచ్చబడగా మాకెరెల్ ఉత్తరమునకు జరిగినది, మాకెరెల్ వెంట ట్యూనా జరిగినది. ట్యూనా తన వేడిని తాను కాపాడుకొనగలదు గాని, దాని ఆహారమునకు ఆ శక్తి లేదు.

తరువాతి సంవత్సరములలో ఇంగ్లండు నైరుతి తీరమునను, ఐర్లండు దరిని, డెన్మార్కు, స్వీడను నడిమి జలములలోను పెద్ద ట్యూనాలు నీటిపైకి ఎగురుచు కనిపించినవి. ఈసారి శాస్త్రజ్ఞులు వేటగాండ్రను ముందుగానే పిలిచినారు. 2017లో స్కాండినేవియాలోను, 2019లో ఐర్లండులోను, 2021లో ఇంగ్లండులోను శిక్షణ పొందిన పడవవారు వేటగాండ్రతో కలిసి చేపలకు బిళ్ళలు తగిలించి విడిచినారు. కొన్నింటికి తగిలించిన పరికరములు లోతును, వేడిమిని, వెలుతురును నమోదు చేసి, నియమిత కాలమునకు ఊడి నీటిపైకి తేలి, ఉపగ్రహము ద్వారా సమాచారము పంపును. సూర్యోదయ సూర్యాస్తమయ కాలములనుబట్టి చేప ఎక్కడ తిరిగినదో లెక్క కట్టుదురు. నాటి పందెములో చేప తులామానమున వ్రేలాడినది. నేడది బ్రదికి, తన దారిని తానే చెప్పుచున్నది. 2024 నుండి ఇంగ్లండులో అనుమతి పత్రము గలవారు ఈ చేపను వినోదమునకై పట్టి విడువవచ్చును.

2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఈ జాతిని అపాయకర స్థితి నుండి తొలగించినది. ఇది సంతోషింపదగినదే. కాని ఈ రాక సంరక్షణ ఫలితమా, సముద్రము వెచ్చబడిన ఫలితమా అను ప్రశ్న ఊరక వేసినది కాదు. తీరమున చేపలు కనబడుచున్నవి గనుక జాతియంతయు వృద్ధిలో ఉన్నదని భ్రమపడి వాటాలు పెంచినచో, రేపు సముద్రము మారినపుడు నార్వే కథ పునరావృతము కాగలదు. భూమి వెచ్చబడుటవలన పెరిగిన వేడిలో నూటికి తొంబది పాళ్ళకు మించి సముద్రములే పీల్చుకొన్నవి. కనుక రాబోవు మార్పులు పాత దశల చక్రమునకే లోబడియుండునని అనుకొనుటకు వీలులేదు.

సముద్రపు ఒక్క దశ ముగియుటకు మనుష్యుని జీవితములో సగము పట్టును. స్కార్‌బరో వేటగాండ్రలో ఎవరును తాము చూచినది వచ్చిపోవు ఒక దశయని గ్రహించలేదు. వారి పట్టికలు మిగిలియుండుటవలననే తరువాతివారు గ్రహించినారు. చేప దొరికిన రోజుతోపాటు దొరకని రోజును కూడ వ్రాసిపెట్టుట నేటి గాలపు వేటగాడు శాస్త్రమునకు చేయగల గొప్ప ఉపకారము.