గంపలతో మట్టి మోసినవాళ్లు

ఫిబ్రవరి సగానికి వస్తే అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు పుట్టినరోజు. 1764లో మిసిసిపీ పడమటి గట్టున, మిసోరి నది కలిసే చోటికి కాస్త దిగువన, ముప్పై మంది పనివాళ్లు పడవ దిగి చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. వాళ్లకు పెద్ద ఆగస్ట్ షూటో. వయసు పదమూడో పధ్నాలుగో! 2017లో తానా మహాసభలకు ఆ ఊరు వెళ్లిన మనవాళ్లు నది ఒడ్డున 630 అడుగుల ఉక్కు తోరణాన్ని చూసే ఉంటారు. ఊరు మొదలైంది ఆ నేల మీదే.

అంతకు ముందు అక్కడ అడవి తప్ప ఏమీ లేదనుకోకండి. ఏటికి అవతల కహోకియాలో వెయ్యేళ్ల కిందట మట్టి దిబ్బల మహానగరం వర్ధిల్లింది. ఇవతలి గట్టునా పాతిక దాకా దిబ్బలుండేవి. పద్నాలుగో శతాబ్దానికి ఆ నగరం ఖాళీ అయింది. 1673లో ఫ్రెంచి అన్వేషకుడు జోలియెట్ బృందం చిన్న పడవల్లో దిగివచ్చేదాకా ఆ తీరం గురించి కాగితం మీద ఒక్క మాట లేదు.

ఊరికి పెట్టుబడి తోళ్ల వ్యాపారం. న్యూ ఆర్లీన్స్ వర్తకుడు మాక్సెంట్, ఆయన భాగస్తుడు పియర్ లక్లేడ్ 1763లో మిసోరి తీరపు తెగలతో వ్యాపారానికి గుత్తహక్కు సంపాదించారు. ఆ ఆగస్టులో సరుకుతో బయల్దేరిన లక్లేడ్, ఏటికి ఎదురీదుతూ నవంబరుకు పైకి చేరాడు. ఆ ఏడాది పారిస్ సంధితో తూర్పు గట్టు ఇంగ్లీషువాళ్లదైపోయింది. అందుకే పడమటి గట్టున వెతికి, వరద అందని సున్నపురాతి మెట్ట ఎంచుకుని, చెట్లకు గొడ్డలి గుర్తులు పెట్టించాడు. ఫిబ్రవరిలో షూటో బృందాన్ని పంపింది ఆ చోటికే. ఊరికి ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ పేరు పెట్టాడు. ఆ గట్టును 1762లోనే రహస్య ఒప్పందంతో స్పెయిన్‌కు ఇచ్చేశారన్న సంగతి అతనికి అప్పటికి తెలియదు.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. గుడిసెలు లేస్తుండగానే మిసోరియా తెగ మొత్తం ఆడవాళ్లతో, పిల్లలతో దిగివచ్చింది. యోధులే నూట యాభై మంది దాకా ఉన్నారు. మీ పక్కనే ఊరు కట్టుకుంటామన్నారు. కొత్తగా కాపురానికి వచ్చిన కొన్ని కుటుంబాలు బెదిరి ఏరు దాటి వెనక్కి పోయాయి. కుర్ర షూటో లక్లేడ్‌కు కబురంపాడు. ఆయన వచ్చి తెగ పెద్దలతో కూర్చున్నాడు. మీరు ఇలా బయటపడితే శత్రు తెగలు విరుచుకుపడతాయి, మీ ఆడవాళ్లనూ పిల్లలనూ కాపాడుకోలేరు అని నచ్చచెప్పాడు. చివరికి వాళ్లు తమ పాత ఊరికి తిరిగి వెళ్లారు.

అయితే వాళ్లున్న ఆ కొద్ది రోజుల్లోనే షూటో వాళ్లకు పని అప్పగించాడు. లక్లేడ్ ఇంటికి నేలమాళిగ తవ్వాలి. మిసోరియా ఆడవాళ్లూ పిల్లలూ చెక్క పళ్లేలతో, గంపలతో ఆ మట్టిని తలల మీద మోశారు. కూలి ఇంగిలీకం, తోలు కుట్టే ఆరెలు, రాగి చిలుము రంగు. షూటో పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాల్లో మిగిలిన కొద్ది పుటల్లో ఈ ముక్క ఉంది. ఆ తల్లుల పేర్లు లేవు. ఆ నేలమాళిగ మీదే లక్లేడ్ రాతి ఇల్లు లేచింది. ఆ ఇంటినే తరువాత షూటో కొని మేడగా పెంచాడు. సెయింట్ లూయిస్ స్థాపకులెవరంటే ఇద్దరి పేర్లే చెబుతారు. ఆ గంపలు మోసినవాళ్లనూ ఆ లెక్కలో చేర్చాల్సిందేనని నా గట్టి అభిప్రాయం.

వ్యాపారం అప్పు మీద నడిచేది. తుపాకులు, మందుగుండు, కంబళ్లు, రాగి పాత్రలు ముందే ఇస్తే, వేట ముగిశాక తోళ్లు వచ్చేవి. ఓసేజ్ తెగ వేటగాళ్లు తెచ్చే జింక తోళ్లే అక్కడ ముఖ్యం. ఊళ్లో డబ్బుకు బదులు అవే చెల్లేవి. లక్లేడ్ మాత్రం అప్పుల్లో మునిగి, 1778లో నదీ ప్రయాణంలోనే కన్నుమూశాడు. షూటో కుటుంబంవాళ్లు కుబేరులయ్యారు.

1804లో ఊరు అమెరికా చేతికి వచ్చింది. ఇక్కణ్నుంచి కథ ఒక దారిన నడవదు. బీవర్ బొచ్చు టోపీల మోజు వేటగాళ్లను కొండల దాకా తరిమింది, పట్టు టోపీలు రాగానే ఆ మోజు చల్లారింది. 1837లో ఇక్కణ్నుంచి వెళ్లిన ఒక తోళ్ల కంపెనీ ఆవిరి పడవతో మశూచి పాకి, ఎగువన మాండన్ తెగ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఓసేజ్‌లు 1808, 1825 ఒప్పందాల్లో మిసోరి నేలంతా వదులుకున్నారు. మిసోరియాల వారసులు ఇప్పుడు ఓటో తెగతో కలిసి ఓక్లహామాలో ఉన్నారు. ఊళ్లోని పెద్ద దిబ్బను 1869 నాటికి తవ్వేసి మట్టిని మోసుకుపోయారు. స్మారకం కోసమని పాత రేవు వీధుల్ని కూల్చేశారు. ఆ ఖాళీలో 1965లో తోరణం పూర్తయింది. 1950లో ఎనిమిదిన్నర లక్షలు దాటిన జనం 2020లో మూడు లక్షలకు వచ్చింది.

ఈసారి తోరణం చూడడానికి వెళితే, అదే గట్టు వెంట దక్షిణంగా నాలుగు మైళ్లు వెళ్లండి. నగరంలో మిగిలిన ఒకే ఒక పాత దిబ్బ, షుగర్‌లోఫ్, అక్కడుంది. 2009లో దాని మీది ఒక ఇంటిస్థలాన్ని డబ్బిచ్చి కొన్నది ఓసేజ్ జాతే.