క్యాజువాలిటీ చీటీ నుంచి కేస్ షీటు దాకా

గాయాల గురించి వైద్యులు క్రమంగా రాసిపెట్టడం చాలా పాత పద్ధతి. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు గ్రంథం ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో 48 కేసులున్నాయి. ఎక్కువ భాగం దెబ్బలే. గాయం పేరు, పరీక్షలో కనిపించింది, నిర్ధారణ, బాగుచేయగలమా లేదా అన్న తీర్పు, చికిత్స: ఇదీ వరస. నేటి కేస్ షీటు వరస కూడా దాదాపు ఇదే. అయితే అది వైద్యులకు పాఠం, ఫలానా రోగి చరిత్ర కాదు.

ఆసుపత్రుల లెక్కలు ఒకదానితో ఒకటి పోల్చడానికి వీల్లేకుండా ఉన్నాయని 19వ శతాబ్దంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ బాధపడింది. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ మరో అడుగు వేశాడు. ఆపరేషన్ చేసిన ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో రాయాలన్నాడు. 1918లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 100 పడకలు, అంతకు మించిన ఆసుపత్రులు 692 పరిశీలిస్తే, కనీస ప్రమాణాలు అందుకున్నవి 89 మాత్రమే. రోగులందరికీ పూర్తి రికార్డు ఉండాలన్నది ఆ ప్రమాణాల్లో ఒకటి.

అత్యవసర విభాగానికి ఈ క్రమశిక్షణ ఆలస్యంగా వచ్చింది. అక్కడ చేతులకు తీరిక ఉండదు; రోగి గంటల్లోనే వార్డుకో, ఇంటికో, మరో ఆసుపత్రికో వెళ్లిపోతాడు. కానీ చేతులు మారే రోగికే రాత ఎక్కువ అవసరం. 1974లో టీస్‌డేల్, జెనెట్ రూపొందించిన గ్లాస్గో కోమా స్కేలు ఈ సంగతి రుజువు చేసింది. అది రోగి స్పృహను అంకెల్లో చెబుతుంది; అంకె తగ్గితే స్పృహ తగ్గినట్టు. తలకు దెబ్బ తగిలిన మనిషికి సాయంత్రం 13 అని, రాత్రి 9 అని టైముతో సహా రాసి ఉంటే, అతన్ని మునుపు చూడని డాక్టరు కూడా ప్రమాదాన్ని పసిగడతాడు. అమెరికాలో 1986 నాటి చట్టాన్ని అనుసరించి వచ్చిన నిబంధనలు, ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి ఒక్కరినీ రిజిస్టరులో ఎక్కించాలన్నాయి. చేర్చుకున్నారా, పంపేశారా, వైద్యం నిరాకరించారా అన్నదీ రాయాలి.

మన దగ్గర క్యాజువాలిటీ రాతకు పోలీసు, కోర్టు అవసరాలు గట్టి పునాది వేశాయి. మెడికో లీగల్ కేసైతే పుట్టుమచ్చలు, తీసుకొచ్చిన వారి పేరు, గాయం కొలతలు అన్నీ రిజిస్టరుకెక్కుతాయి. ముందు ప్రాణం, తర్వాతే లాంఛనాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవతో అంబులెన్సులోనే నాడి, బీపీ రాసే అలవాటు వచ్చింది.

ఒక లోటు మాత్రం మిగిలింది. రికార్డును మూడేళ్లు భద్రపరచాలన్న 2002 నాటి వైద్య మండలి నియమం ఆసుపత్రిలో చేర్చుకున్న రోగుల గురించే చెబుతుంది. కుట్లు వేయించుకునో, ఛాతీ నొప్పికి ఈసీజీ తీయించుకునో అదే రాత్రి ఇంటికి వెళ్లేవారి చేతిలో చాలాసార్లు ఒక ఓపీ చీటీయే ఉంటుంది. మర్నాడు నొప్పి తిరగబెడితే, కొత్త డాక్టరుకు ఆ చీటీయే ఆధారం. వచ్చిన టైము, ఇచ్చిన మందు, పడని మందు, ఇంటికి పంపేటప్పటి పరిస్థితి, మళ్లీ ఎప్పుడు రావాలన్న సలహా అందులో ఉండాలి. దాని నకలు ఆసుపత్రిలోనూ ఉండాలి. కోర్టు కోసం గాయాన్ని కొలిచి రాయగలిగిన క్యాజువాలిటీ, రోగి కోసం ఈ కొద్ది వాక్యాలూ రాయగలదు. రాసి తీరాలి, ఎందుకంటే అదీ వైద్యంలో భాగమే.