చిన్న గదికి హోమ్ థియేటర్

టీవీకి జతచేసి, సినిమా హాలులో విన్నట్టు శబ్దం చుట్టుపక్కల నుంచి వినిపించేలా ఇంట్లో అమర్చుకునే స్పీకర్ల సముదాయాన్ని హోమ్ థియేటర్ అంటారు. చిన్న గది అంటే ఇక్కడ సుమారు 100 నుంచి 150 చదరపు అడుగుల పడకగది, లేదా అపార్ట్‌మెంటులోని చిన్న హాలు. ఇంత చోటులో చెవికి చేరే శబ్దం స్పీకరుది ఎంతో, గోడలదీ నేలదీ పైకప్పుదీ అంతే. లోతైన బేస్ విషయంలో గదిదే పైచేయి. అందుకే ఎంపికలో మొదట చూడవలసింది గది, ఆ తర్వాత మాటల స్పష్టత, ఆపైన బేస్. ఛానళ్ల సంఖ్య, వాట్లు చివరికి వస్తాయి. దుకాణంలో అట్టపెట్టె మీద ఈ వరస తలకిందులుగా అచ్చయి ఉంటుంది.

హాలు నుంచి ఇంటికి

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) నాటికి సినిమా శబ్దమంతా ఒకటే ట్రాకు. మాటా పాటా తెరవైపు నుంచి ఒకే ధారగా వచ్చేవి. కుడి ఎడమలకు వేర్వేరు ధారలు ఉండాలన్న స్టీరియో ఆలోచనకు 1931లోనే ఇంగ్లండు ఇంజనీరు అలన్ బ్లూమ్‌లీన్ పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1940లో డిస్నీ సంస్థ ‘ఫాంటేసియా’ చిత్రం కోసం కొన్ని హాళ్లలో ప్రత్యేకంగా బహుళ స్పీకర్లు బిగించింది. తర్వాత 70 ఎం.ఎం. ప్రింట్లు ఆరు ట్రాకుల శబ్దాన్ని తెచ్చాయి. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం 1986లో వచ్చిన ‘సింహాసనం’.

డిజిటల్ 5.1 పద్ధతి 1992లో ‘బ్యాట్‌మాన్ రిటర్న్స్’తో డాల్బీ రూపంలో, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ రూపంలో హాళ్లకు వచ్చింది. డీవీడీలు దాన్ని ఇంటికి చేర్చాయి. తల మీదుగా కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో ‘బ్రేవ్’ చిత్రంతో మొదలై, 2014లో ఇళ్లలోకి వచ్చింది. 2004లో యమహా తెచ్చిన వైఎస్‌పీ-1 అనే ఒంటి బారు స్పీకరు, శబ్దాన్ని గోడలకు కొట్టించి వెనకవైపు నుంచి వచ్చిన భ్రమ కలిగించింది. నేటి ఖరీదైన సౌండ్‌బార్లు అదే దారిలో నడుస్తున్నాయి.

సౌండ్‌బారు తప్ప ఈ పద్ధతులన్నీ పెద్ద హాలు కోసం పుట్టినవి. అక్కడ ప్రేక్షకుడికీ గోడకీ మధ్య ఎన్నో అడుగుల దూరం ఉంటుంది. పడకగదిలో మంచానికి ఆనుకునే గోడ ఉంటుంది. చిన్న గది చిక్కులన్నీ ఈ తేడాలోంచే వస్తాయి.

అంకెల అర్థం

5.1 అన్నప్పుడు మొదటి అంకె మామూలు స్పీకర్ల సంఖ్య: ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, కుడి. చుక్క తర్వాతి 1 లోతైన శబ్దాల ప్రత్యేక ఛానల్. ఇది 120 హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాన్ని మోస్తుంది, సబ్‌వూఫరులో వినిపిస్తుంది. 5.1.2లో చివరి 2 పైకప్పు వైపు నుంచి వినిపించే స్పీకర్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం ముందు ఎడమ, కుడి స్పీకర్లు శ్రోతకు ఇరువైపులా 30 డిగ్రీల కోణంలో, వెనకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి.

సినిమాలో సంభాషణలు ఎక్కువగా మధ్య ఛానల్‌లోనే ఉంటాయి. విడిగా మధ్య స్పీకరు ఉన్న 3.1 సెట్టులో మాటల వాల్యూమ్‌ను మాత్రమే కాస్త పెంచుకోవచ్చు. 2.1లో ఆ వీలు తక్కువ. కాబట్టి చిన్న గదిలో వెనక స్పీకర్ల కంటే మధ్య స్పీకరుకే ముందు చోటివ్వడం మేలు.

గది చేసే పని

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న తరంగం ఆ గోడల నడుమ స్థిరపడిపోతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని స్థిర తరంగం అంటారు. ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుంటే, పొడవు వల్ల సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వల్ల 56 హెర్ట్జ్ దగ్గర ఈ నిలుపుదల ఏర్పడుతుంది. ఎత్తు కూడా 10 అడుగులే కనుక 56 హెర్ట్జ్ రెండింతలుగా పేరుకుంటుంది. ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది గుంయ్‌మంటుంది. దాని పక్క స్వరం వస్తే మామూలుగానే ఉంటుంది. ఒకే గదిలో రెండు కొలతలు సమానంగా ఉండటం బేస్‌కు చెరుపు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి అడుగులైతే మరీ కష్టం.

ఈ తరంగం గోడ దగ్గర బలంగా, గది నడుమ బలహీనంగా ఉంటుంది. సోఫాను వెనక గోడకు ఆనిస్తే బేస్ మోతగా వినిపిస్తుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే అదే బేస్ మాయమవుతుంది. గోడ నుంచి ఒకటి రెండు అడుగులు ముందుకు జరిపితే రెండు దోషాలూ తగ్గుతాయి. చిన్న గదికి ఒక లాభం కూడా ఉంది. అతి తక్కువ పౌనఃపున్యాల దగ్గర గది గాలి మొత్తాన్నీ సబ్‌వూఫరు ఒకేసారి నొక్కగలదు. అందుకే పెద్ద హాలులో 12 అంగుళాల కోను చేసే పనిని ఇక్కడ 8 అంగుళాలదే చేసిపెడుతుంది.

పై పౌనఃపున్యాల దగ్గర సమస్య వేరు. సిమెంటు గోడలు, టైల్స్ లేదా గ్రానైట్ నేల, పైన స్లాబు శబ్దాన్ని దాదాపు మింగవు. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ‘ఠప్’ తర్వాత లోహం మోగినట్టు సన్నని ఝుంకారం సాగుతుంది. అదే ఝుంకారం సంభాషణలో ఒక మాట చివరను తర్వాతి మాట మొదలుకు అంటగడుతుంది. శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలంతో దీన్ని కొలుస్తారు. 1895లో హార్వర్డ్ యువ ఆచార్యుడు వాలెస్ సేబిన్‌కు, మాట అర్థంకాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. రాత్రివేళ దగ్గరలోని థియేటరు నుంచి కుర్చీ మెత్తలు మోయించి, అవి పెరిగేకొద్దీ ఆర్గన్ గొట్టపు మోత ఎన్ని సెకన్లలో అణగారుతుందో లెక్కపెట్టి ఆయన తేల్చిన సూత్రమే నేటికీ వాడుకలో ఉంది.

ఆ సూత్రాన్ని ముందు చెప్పిన ఉదాహరణ గదికి వర్తింపజేస్తే, ఉపరితలాలన్నీ తమ మీద పడ్డ శబ్దంలో 5 శాతమే పీల్చుకుంటాయనుకున్నప్పుడు మోత సుమారు 1.7 సెకన్లు నిలుస్తుంది. మందపాటి కర్టెన్లు, పరుపు, గుడ్డ సోఫా, మనుషులు చేరి మొత్తం పీల్పు 10 చదరపు మీటర్లకు సమానమైతే అది 0.55 సెకనుకు దిగుతుంది. మాట స్పష్టంగా వినబడటానికి అర సెకను లోపు మంచిది. కొత్త స్పీకర్ల కంటే ముందు ఒక తివాచీ, టీవీకి ఎదురుగోడ మీద బరువైన కర్టెన్, పుస్తకాల బీరువా కొనమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. పలుచని ఫోమ్ ముక్కలు మాత్రం బేస్‌ను ఆపలేవు. అవి పై శబ్దాలనే మింగుతాయి.

రకాలు

సౌండ్‌బార్ అమర్చడం సులువు. దాని బలహీనత వెడల్పు. మూడడుగుల బారును ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే రెండు కొసల మధ్య కోణం సుమారు 21 డిగ్రీలే. అదే దూరంలో విడి స్పీకర్లను ఆరున్నర అడుగుల ఎడంగా పెడితే 44 డిగ్రీలు వస్తుంది. అందువల్ల సంగీతం విశాలంగా వినిపించేది రెండో పద్ధతిలోనే. 3.1 బారు కొనేటప్పుడు మధ్య స్పీకరు నిజంగా విడిగా ఉందా, సాఫ్ట్‌వేర్ సృష్టించిన భ్రమా అని చూసుకోవాలి.

యాంప్లిఫయరు లోపలే ఉన్న జంట బుక్‌షెల్ఫ్ స్పీకర్లు పాటలూ సినిమాలూ సమానంగా వినేవారికి నప్పుతాయి. శబ్దాన్ని స్పీకర్లకు పంచే ఏవీ రిసీవరు, చిన్న శాటిలైట్ స్పీకర్లు, సబ్‌వూఫరు కలిసిన 5.1 సెట్టు మరమ్మతుకూ, భాగాలు మార్చుకోవడానికీ వీలైనది. తీగలు గోడ వెంట పరచక తప్పదు. గదిలో తలుపు, కిటికీ, అలమారా పోగా వెనక స్పీకర్లకు తల పక్కనే చోటు మిగిలితే, వాటిని కొనకుండా 3.1తో ఆగడం ఉత్తమం. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, గది కొద్దీ స్పీకర్లు.

పైకి చూసే స్పీకర్లున్న అట్మాస్ బార్లు శబ్దాన్ని పైకప్పుకు కొట్టి కిందికి తెస్తాయి. ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎత్తున్న చదునైన స్లాబుకు ఇవి సరిపోతాయి. వాలుగా ఉండే పెంకుల కప్పు, రేకుల కప్పు కింద ప్రయోజనం తక్కువ. టీవీ యూనిట్ అరలోపలికి నెట్టిన బారులో పై స్పీకర్లు చెక్కకే కొట్టుకుంటాయి.

వాట్ల లెక్క

వేల వాట్లు చెప్పే పీఎంపీఓ అంకెకు ప్రామాణికమైన కొలత పద్ధతి లేదు. పోల్చుకోవడానికి పనికొచ్చేది, నిలకడగా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె. ఒక వాటుకు, మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు నుంచి రెండున్నర మీటర్ల దూరంలో 77 డెసిబెల్స్ వస్తాయి. పది వాట్లిస్తే 87, అలాంటి జత పనిచేస్తే సుమారు 90. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. కాబట్టి చిన్న గదిలో ఛానల్‌కు కొన్ని పదుల వాట్లు చాలు.

కనెక్షన్లు

టీవీలోని శబ్దాన్ని తిరిగి బయటికి పంపే ఆర్క్ సదుపాయం 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. టీవీలోని ఓటీటీ యాప్‌ల నుంచి వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌కు, అందులో ఉండే అట్మాస్‌కూ ఇది సరిపోతుంది. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీకి ఆర్క్ మెరుగైన రూపమైన ఈఆర్క్ అవసరం. ఆప్టికల్ తీగలో అట్మాస్ రాదు. బ్లూటూత్‌లో ఆలస్యం వల్ల పెదవులకూ మాటలకూ పొంతన తప్పవచ్చు.

అమరిక

సుమారు 80 హెర్ట్జ్ కంటే తక్కువ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి చెప్పలేదు. ఆ తరంగం పొడవు 14 అడుగులు, అంటే గది కంటే పెద్దది. అందువల్ల దిక్కు పరంగా సబ్‌వూఫరును ఎక్కడైనా పెట్టవచ్చు. కానీ మూలలో పెడితే బేస్ ఎక్కువ వస్తుంది, మోతా ఎక్కువే. మంచి చోటు వెతకడానికి ఒక పాత కిటుకు ఉంది. సబ్‌వూఫరును కూర్చునే సోఫా మీదికి ఎక్కించి, బేస్ గీత నడిచే పాట పెట్టి, గోడ వెంట మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ప్రతి స్వరం సమానంగా, ఉబ్బు లేకుండా వినిపించిన చోటే సబ్‌వూఫరు స్థానం. వినే చోటునూ మోగే చోటునూ తారుమారు చేసినా శబ్దం మారదన్న సూత్రమే ఈ కిటుకుకు ఆధారం.

స్పీకరు తీగల్లో ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపాలి. ఒక్క స్పీకరుకు తారుమారైతే, దాని కోను ముందుకు వచ్చేటప్పుడు రెండోదాని కోను వెనక్కి పోతుంది. బేస్ సన్నబడి, గాయకుడి గొంతు నడుమ నిలవక ఇరుపక్కలకూ చెదిరిపోతుంది. దగ్గరున్న స్పీకరు శబ్దం ముందే చేరి దృష్టిని లాగేస్తుందని 1949లో హెల్ముట్ హాస్ చేసిన పరిశోధన చూపింది. ముందు స్పీకరు కంటే వెనకది ఏడడుగులు దగ్గరుంటే దాని శబ్దం సుమారు 6 మిల్లీసెకన్లు ముందొస్తుంది. రిసీవరు మెనూలో దూరాలు టేపుతో కొలిచి నింపితే ఈ తేడా సర్దుబాటవుతుంది.

ఇరుగుపొరుగు

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిసర శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. మాటల శబ్దాన్ని గోడ చాలావరకు ఆపుతుంది. బేస్ మాత్రం స్లాబు గుండా కింది ఫ్లాటుకు దిగుతుంది. సబ్‌వూఫరు కింద రబ్బరు మెత్తలు వేస్తే నేలలోకి దిగే కంపనం కొంత తగ్గుతుంది, గాలిలోని బేస్ తగ్గదు. రాత్రిపూట నైట్ మోడ్ వాడితే పేలుళ్లు తగ్గి, గుసగుసలు పెరుగుతాయి.

కొనేముందు

దుకాణపు విశాలమైన హాలులో విన్న శబ్దం ఇంటి గదిలో రాదు. అందుకే ఇంటికి తెచ్చాక మార్చుకునే వీలున్న చోట కొనడం మంచిది. వినవలసింది పేలుళ్ల సన్నివేశం కాదు. ఇద్దరు మనుషులు తగ్గు స్వరంతో మాట్లాడుకునే సన్నివేశం పెట్టి, పైన ఫ్యాను తిరుగుతుండగా, రోజూ పెట్టుకునే వాల్యూమ్‌లోనే వినాలి. సబ్‌టైటిల్స్ అవసరం లేకుండా ప్రతి మాటా అందితే ఆ సెట్టు గదికి సరిపోయినట్టే. రిమోట్ మీది వాల్యూమ్ మీటను మాటిమాటికీ నొక్కవలసి వస్తే మరో స్పీకరు చేర్చినా ఫలితం రాదు. మొదట కర్టెన్నూ సోఫా స్థానాన్నీ మార్చి చూడాలి.