నిందకైనా నోచుకోని తల్లులు

ఆటిజం అనే మాట ఒక ప్రత్యేక స్థితికి పేరుగా వైద్యశాస్త్రంలో స్థిరపడడానికి మూలం 1943లో లియో కానర్ ప్రకటించిన వ్యాసం. అమెరికాలో బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆయన పరిశీలించిన 11 మంది పిల్లల వృత్తాంతాలు అందులో ఉన్నాయి. వారి తండ్రులలో నలుగురు మనోవైద్యులు, ఒకరు పేరుమోసిన న్యాయవాది, ఒకరు అటవీశాస్త్ర ఆచార్యుడు. తల్లులలో తొమ్మిదిమంది పట్టభద్రులు. నల్లజాతి బిడ్డ ఒక్కరూ లేరు. నల్లవారికి వేరే వార్డులు కేటాయించిన ఆ కాలపు ఆసుపత్రిలో ఇందుకు ఆశ్చర్యపడనవసరం లేదు. ఆశ్చర్యమల్లా తరువాత జరిగినదాన్ని గురించే. గడప దాటి లోపలికి రాగలిగిన వారిని మాత్రమే చూసి, ఈ స్థితి ఆ వర్గంవారికే వస్తుందని శాస్త్రం భ్రమపడింది.

ఆ భ్రమకు మరొకటి తోడయింది. బిడ్డ మాట్లాడకపోవడానికి తల్లి గుండెలో వెచ్చదనం లేకపోవడమే కారణమన్నారు. 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరు పెట్టారు. 1967లో బ్రూనో బెట్టెల్‌హైమ్ గ్రంథం ఈ అపవాదును ఇంటింటికీ చేర్చింది. అంతకు మూడేళ్ల ముందే, స్వయంగా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ దీన్ని ఖండించి, మూలం శరీరధర్మంలో ఉందని వాదించినా, నింద వెంటనే పోలేదు.

శ్వేతజాతి తల్లి కథ ఇది. నల్లజాతి తల్లికి ఈ నింద కూడా దక్కలేదు. 2002లో వెలువడిన 'రిఫ్రిజిరేటర్ మదర్స్' అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఒక నల్లజాతి తల్లి చెప్పిన సంగతి చూడండి: ఆమె తెల్లది కాదు, చదువుకున్నదీ కాదని వైద్యులే అనుకున్నారు కాబట్టి ఆమె కొడుకుది ఆటిజం కావడానికి వీల్లేదట! మనోవికారమని రాసి పంపారు. ఒకరికి దోషంతో కూడిన పేరు, ఇంకొకరికి పేరే లేని దోషం. రెండవది బరువైనది. ఎందుకంటే పేరును బట్టే బడి, పేరును బట్టే చికిత్స.

బడి విషయంలో పోరాటం న్యాయస్థానానికి ఎక్కింది. 1972 నాటి మిల్స్ వ్యాజ్యంలో వాషింగ్టన్ నగర విద్యామండలిపై నిలిచిన ఏడుగురు పిల్లలూ నల్లవారే. అల్లరివారనీ, మందబుద్ధులనీ, మనోవికారం గలవారనీ ముద్రవేసి బడి నుంచి పంపివేశారు వారిని. నగరంలోని వికలాంగ బాలలు సుమారు 22,000 కాగా, 18,000 మందికి తగిన విద్య అందడం లేదని ఆ తీర్పులోనే ఉంది. డబ్బు లేదన్న మండలి సాకును న్యాయమూర్తి జోసెఫ్ వాడీ అంగీకరించలేదు. లేమి ఉంటే దాని భారం ఈ పిల్లలమీదే ఎక్కువగా పడరాదన్నాడు. 1975లో దేశమంతటికీ వికలాంగ బాలల విద్యాచట్టం వచ్చింది. అయితే అందులో ఆటిజానికి ప్రత్యేక స్థానం దొరికింది 1990లోనే.

చట్టం వచ్చినా పేరు ఆలస్యంగానే వస్తోంది. ఫిలడెల్ఫియాలో ప్రభుత్వ వైద్యసహాయం పొందే పిల్లలను గూర్చి 2002లో వచ్చిన పరిశోధన ప్రకారం తెల్లపిల్లలకు సగటున 6.3 ఏళ్లకు, నల్లపిల్లలకు 7.9 ఏళ్లకు నిర్ధారణ జరిగింది. ఇద్దరూ పేదలే అన్నది ఇక్కడ గమనించాలి. వర్గంతోనే అంతా తేలిపోతుందనే మనలోని కొందరికి ఇది మింగుడుపడదు. 584 మంది నల్లజాతి పిల్లలపై 2020లో ప్రకటించిన మరో పరిశోధనలో, తల్లిదండ్రులకు మొదటి అనుమానం కలిగిన నాటినుంచి నిర్ధారణ దాకా సగటున మూడున్నరేళ్లు పట్టింది. కనుక తల్లికి తెలియక కాదు. ఆమె మాట చెవినబెట్టినవారు లేక.

పిల్లవాడు పెద్దవాడయ్యాక ఈ పేరులేమి ప్రాణంమీదికి వస్తుంది. 2010లో వర్జీనియాలో ఆటిజం ఉన్న 18 ఏళ్ల నల్లయువకుడు గ్రంథాలయం తెరిచేదాకా బయట గడ్డిమీద కూర్చున్నాడు. తుపాకి ఉన్న వ్యక్తేమోనని ఎవరో ఫిర్యాదు చేశారు. తుపాకి లేదు. పోలీసుతో పెనుగులాటకు శిక్ష మాత్రం పడింది. సంపూర్ణ క్షమాభిక్ష 2021కి గాని రాలేదు.

ఈ భయమే తల్లులను కూడగట్టింది. 2009లో కమీల్ ప్రాక్టర్ డెట్రాయిటులో 'కలర్ ఆఫ్ ఆటిజం' సంస్థను స్థాపించింది. ఆమె కూడా ఆటిజం ఉన్న బిడ్డకు తల్లే.

2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ ప్రకటించిన లెక్కల్లో మొదటిసారిగా ఎనిమిదేళ్ల నల్లపిల్లల్లో ఆటిజం గుర్తింపు (నూటికి 2.9) తెల్లపిల్లలను (2.4) మించింది. ఇదేదో కొత్తగా వ్యాపించిందని కంగారుపడేవారు 1943 నాటి ఆ పదకొండుమంది జాబితాను ఒకసారి తిరగవేయాలి. అదే లెక్కల్లో, ఆటిజంతోబాటు బుద్ధిమాంద్యం కూడా ఉన్నట్టు నమోదైన వారు నల్లపిల్లల్లో సగానికి పైగా ఉన్నారు. తెల్లపిల్లల్లో మూడోవంతు కూడా లేరు.