కారు రేడియోకి దొడ్డిదారి

2001లో ఆపిల్ ఐపాడ్ వచ్చాక వెయ్యి పాటలు జేబులో పట్టేశాయి. కారెక్కితే మాత్రం ఆ పాటలకు స్పీకర్ల దాకా వెళ్లే దారి ఉండేది కాదు. అప్పటి స్టీరియోల్లో చాలావాటికి ఆక్స్ వైరు గుచ్చే చోటే లేదు. క్యాసెట్ ప్లేయరున్నవాళ్లు వైరు తోక ఉన్న ఉత్తుత్తి క్యాసెట్ ఒకటి తోసి గట్టెక్కారు. సీడీ ప్లేయరు తప్ప మరేమీ లేనివాళ్లకు ఆ ఆసరా కూడా లేకపోయింది. స్టీరియో విప్పకుండా పాటను లోపలికి పంపాలంటే ఇక మిగిలింది యాంటెనా ఒక్కటే.

నిజానికి పాటను చిన్న ట్రాన్స్‌మిటర్‌తో రేడియోకు పంపే ఈ ఉపాయం పాతదే. 1930ల చివర్లోనే అమెరికాలో గ్రామఫోన్ రికార్డు పాటను వైరు లేకుండా ఇంట్లోని రేడియోకు పంపే పరికరాలు వచ్చాయి. ఇలాంటి బుల్లి ప్రసారాలకు లైసెన్సు అక్కర్లేదని, శక్తి మాత్రం హద్దు దాటకూడదని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1938లో నిబంధనలు పెట్టింది. అయితే అవి ఏఎం ప్రసారాలు, గరగర ఎక్కువ.

ఆ గరగరకు విరుగుడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ ఇంజనీరు దగ్గర అప్పటికే ఉంది. ఆయన ఎఫ్ఎం పేటెంట్లు 1933 నాటివి. ఏఎంలో పాటను బట్టి తరంగం ఎత్తు మారుతుంది. ఎఫ్ఎంలో ఎత్తు అలాగే ఉండి, ఫ్రీక్వెన్సీ అటూఇటూ ఊగుతుంది. మెరుపులూ ఇంజను స్పార్కులూ ఎక్కువగా చెడగొట్టేది ఎత్తునే కాబట్టి ఎఫ్ఎం రిసీవరు వాటిని పెద్దగా లెక్కచేయదు. దీనికి ఇంకో గుణమూ ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ప్రసారాలు తగిలితే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని దాదాపు వదిలేస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద టవరును కాదని, డ్యాష్‌బోర్డు పక్కనున్న చిటికెడు చిప్పు మాట కారు రేడియో వినేది ఇందుకే. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం పేటెంట్ వ్యాజ్యాల్లో నలిగిపోయి 1954లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఐపాడ్ కోసం ఈ కిటుకును పేరుమోసేలా చేసింది గ్రిఫిన్ అనే అమెరికన్ కంపెనీ. 2003లో వచ్చిన దాని ఐట్రిప్, ఐపాడ్ నెత్తిన టోపీలా కూర్చునేది. స్టేషను మార్చడానికి దానికి బటన్ లేదు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో చిన్న శబ్దం ఫైలు ఇచ్చేవారు. 87.9 కావాలంటే ఆ పేరున్న 'పాట'ను మోగించి, లైటు మిణుకుమనగానే పాజ్ నొక్కాలి. డ్రైవింగ్ చేస్తూ చేయదగ్గ పనైతే కాదు గానీ, బటన్లే లేని పరికరానికి శబ్దంతోనే ఆజ్ఞ ఇవ్వడం భలే తెలివి.

బ్రిటన్‌లో మొదట్లో దీన్ని వాడటం నేరంగా ఉండేది. లైసెన్సు లేకుండా ప్రసారం చేస్తే, అది కారు అద్దాలు దాటినా దాటకపోయినా, వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఒప్పుకునేది కాదు. చివరికి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చొరవతో 2006 డిసెంబరు 8 నుంచి అనుమతి వచ్చింది. శక్తి 50 నానోవాట్లు మించకూడదు. అంటే వాట్‌లో రెండు కోట్లవ వంతు! అదే ఏడాది అమెరికాలో గొడవ మరోలా నడిచింది. శాటిలైట్ రేడియో రిసీవర్లలో పెట్టిన ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు కొన్ని హద్దు మీరుతున్నాయని ఎఫ్‌సీసీ తేల్చింది. ఒకరు డబ్బు కట్టి వినే కార్యక్రమం పక్క కారు రేడియోలో ఊరికే వినపడితే ఫిర్యాదులు రాక ఏం చేస్తాయి!

తర్వాత ఐపాడ్ పోయి ఫోను వచ్చింది. వైరు బదులు బ్లూటూత్ చేరింది. పరికరం సిగరెట్ లైటర్ సాకెట్లోకి మారి, అక్కడే ఫోను చార్జింగ్ కూడా పెడుతోంది. కారు దాకా చివరి అడుగు మాత్రం ఇప్పటికీ ఎఫ్ఎందే. సీడీలో 20 వేల హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాన్ని ఎఫ్ఎం 15 వేల దగ్గరే కత్తిరిస్తుంది. అందుకే మీ కారులో ఆక్స్ గానీ బ్లూటూత్ గానీ ఉంటే దీని జోలికి పోనక్కర్లేదు. లేకపోతే ముందు ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కోండి. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9ల దరిదాపులకు వెళ్లకండి. ఫోను వాల్యూం పూర్తిగా పెంచకుండా కాస్త తగ్గించి, మిగతాది స్టీరియోలో పెంచుకుంటే పాట పగిలినట్టు వినపడదు.